పల్స్ పోలియో సామగ్రి సేకరణ: ప్రాజెక్టు డైరీ

జూన్

కృష్ణా డెల్టాలోని మా మండలంలోను, దానిని ఆనుకుని ఉన్న మండలాల్లోను 1995 నుంచి నడిచిన పల్స్ పోలియో కార్యక్రమానికి సంబంధించిన కాగితాలు, పనిముట్లు, క్యాసెట్లు, ఫొటోలు, ఆ పని చేసినవారి జ్ఞాపకాలు సేకరించి భద్రపరచాలన్న ఆలోచనకు ఈ నెలలో ఒక రూపం వచ్చింది. బృందంలో పదవీ విరమణ చేసిన హెల్త్ సూపర్‌వైజర్ గారు ఒకరు, డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించే మేడం గారు, ఒకప్పుడు డీటీపీ సెంటరు నడిపిన మిత్రుడు, నేను ఉన్నాము. గ్రంథాలయం వెనుక ఖాళీగా ఉన్న గది, అందులోని ఇనుప బీరువాలు మా వాడకానికి ఇచ్చారు.

నిన్నమొన్నటి సంగతిని చరిత్ర అని ఎలా అంటామన్న ప్రశ్న మొదటి సమావేశంలోనే వచ్చింది. మేడం గారు ఇచ్చిన సమాధానం నాకు సబబుగా తోచింది. ప్రాచీన వైద్య గ్రంథాలకు హైదరాబాదులో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన సికింద్రాబాదు పరిశోధనకు గుర్తుగా బేగంపేటలోని భవనం నిలిచి ఉంది. పాతికేళ్ల కిందటి ట్యాలీ షీటుకు, అంటే బూత్‌లో ఎంతమంది పిల్లలకు చుక్కలు వేశారో లెక్క పెట్టిన కాగితానికి మాత్రం పాత కాగితాలు కొనే వ్యాపారి తప్ప వేరే దిక్కు లేదు. వైద్యులు తమ ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు ఉంచితే చాలునని భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి చెబుతోంది. ప్రచార కార్యక్రమాల కాగితాలకు ఆ మాత్రం పట్టింపు కూడా ఉండదు, ఆడిట్ ముగిస్తే అవి స్టోరు గదిలో స్థలం ఆక్రమించే చెత్త కిందికి వస్తాయి.

పల్స్ పోలియోను ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఉంది. ఈ కార్యక్రమం వాడిన గుర్తులు చాలా వరకు చెరిగిపోవడానికే పెట్టినవి. ఇంటి తలుపు మీద సుద్దతో రాసిన గుర్తు తరువాతి వానకో పండగ సున్నానికో పోతుంది, చిటికెన వేలి గోటి మీద పెట్టిన సిరా గోరు పెరిగేకొద్దీ పోతుంది, ఖాళీ అయిన వయల్‌ను (మందు సీసాను) లెక్క చూసి ధ్వంసం చేస్తారు. మిగిలేవి ప్రశంసాపత్రాలు, షీల్డులు, నూటికి ఇంత శాతం సాధించామని చెప్పే నివేదికలు. వాటిని మాత్రమే చూసి రేపు ఎవరైనా ఈ చరిత్ర రాస్తే, లక్ష్యం పెట్టారు, సాధించారు అన్న రెండు ముక్కలు తప్ప అందులో మరేమీ ఉండవు. అందువల్ల షీల్డులను ఫొటో తీసి తిరిగి ఇచ్చేయాలని, బీరువాల్లో చోటు చెరిగిపోయే రకం వస్తువులకే కేటాయించాలని తీర్మానించుకున్నాము.

జూలై

సూపర్‌వైజర్ గారి ఇంటి అటక మీద నుంచి రెండు రేకు పెట్టెలు దిగాయి. ఒకదానికి చెద పట్టింది. రెండవ దానిలో బూత్ ట్యాలీ షీట్లు, ఏ బృందం ఎక్కడికి వెళ్లాలో చూపే మైక్రో ప్లాన్ పటాలు, జీపులకు డీజిల్ కొన్న రసీదులు, సమీక్షా సమావేశాల నోట్సు కలగాపులగంగా ఉన్నాయి. ఏ కట్టను ఎవరు ఎందుకు కట్టారో తెలియకుండా విడదీస్తే ఒక కాగితానికి మరొక కాగితంతో ఉన్న సంబంధం పోతుంది కాబట్టి, పెట్టెలో ఉన్న వరుసను ముందు ఫొటోలు తీసుకుని, ఆ తరువాతే చేయి పెట్టాము.

శుభ్రపరిచే పని నెమ్మదిగా సాగుతోంది. గుండుసూదులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోయాయి, లాగితే చిరుగుతుంది. కాగితానికీ సూదికీ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్కను దూర్చి, తుప్పును వదులు చేసి, సూదిని వచ్చిన దారినే వెనక్కి తీస్తున్నాము. ధూళిని మెత్తని బ్రష్షుతో మధ్య నుంచి అంచుల వైపు తుడుస్తున్నాము. సైక్లోస్టైల్ చేసిన కాగితాలు ముదురు గోధుమ రంగుకు తిరిగి, మడత దగ్గర విరిగిపోతున్నాయి. వాటిని విప్పకుండా పక్కన పెట్టాము. మిగతావాటిని 300 డీపీఐలో, రంగులలో స్కాన్ చేస్తున్నాము. నలుపు తెలుపులలో చేస్తే ఫైలు చిన్నదవుతుందన్న సూచన వచ్చింది గాని, ఎర్ర సిరాతో సూపర్‌వైజర్ దిద్దిన అంకెకూ నీలి సిరాతో కార్యకర్త వేసిన అంకెకూ తేడా తెలియకపోతే స్కాన్ చేసి ప్రయోజనం ఏముంటుంది?

ట్యాలీ షీటులో వరుసగా అచ్చువేసిన అంకెలను, చుక్కలు వేసిన ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్కటి చొప్పున కొట్టివేస్తూ పోవాలి. ముందు వైపు ఉన్నది అంతే. వెనుక వైపున మాత్రం అసలు విషయం ఉంది. ఇంటింటికీ తిరిగేటప్పుడు పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి మీద ‘పి’ అని, ఎవరైనా మిగిలిపోయిన ఇంటి మీద ‘ఎక్స్’ అని రాసేవారు. ఎక్స్ ఇళ్లకు మళ్లీ వెళ్లాలి కాబట్టి కార్యకర్తలు వాటి జాబితాను షీటు వెనుక పెన్సిలుతో రాసుకున్నారు: ‘ఇటుక బట్టీకి వెళ్లారు’, ‘పురిటికి పుట్టింటికి’, ‘జ్వరం, రేపు రమ్మంది’, ‘నిద్ర లేపనన్నది’, ‘మొన్ననే వేశారు కదా అని తలుపేసింది’, ‘చెరువు గట్టు మీద గుడిసె, పేరు చెప్పలేదు’. పై అధికారులకు వెళ్లిన నివేదికలో ఈ ఇళ్లన్నీ కలిసి ఒక అంకె అయ్యాయి. మా ప్రాంతంలో వలస ఏ నెలలో ఎటు సాగిందో, ఏ ఊరిలో విసుగు ముందుగా మొదలయిందో చెప్పే ఆధారం ఈ పెన్సిలు రాతలకు మించినది నాకు ఇంతవరకు కనిపించలేదు. వాటిని కాపీ రాసే పని మేడం గారి విద్యార్థులు తీసుకున్నారు, అక్షరదోషాలను దిద్దవద్దన్న షరతు మీద.

ఆగస్టు

ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పిన ప్రచార క్యాసెట్ ఒకటి సౌండ్ సర్వీస్ నడిపినాయన ఇచ్చారు. పైన అంటించిన కాగితం మీద ‘పోలియో, ఆదివారం’ అని మాత్రమే ఉంది. డెక్‌లో పెట్టగానే శబ్దం నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్లుగా వినిపించింది. విప్పి చూస్తే, టేపును హెడ్‌కు ఆనించి పట్టే చిన్న స్ప్రింగు వంటి రాగి రేకు తన స్థానంలోనే ఉంది గాని, దాని మీది ఉన్ని మెత్త జిగురు ఎండిపోయి ఊడిపోయింది. అతికించడం కన్నా గుల్ల మార్చడమే మేలనుకుని, మరలతో బిగించిన ఖాళీ క్యాసెట్ ఒకటి తెచ్చి, రెండు చక్రాలను టేపుతో సహా అందులోకి దించి, తిరిగి బిగించాము. టేపు మెలిక పడితే దాని వెనుక వైపు హెడ్‌కు తగిలి మాట సరిగ్గా వినిపించదు కాబట్టి ఈ పని ఫ్యాన్ ఆపి చేయవలసి వచ్చింది. తరువాత హెడ్ కోణాన్ని చిన్న మరతో సవరిస్తూ, ‘స’కారాలు స్పష్టంగా వినిపించే చోట ఆపాము. 96 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ ధ్వని ఫైలుగా ఎక్కించాము. వినడానికి వేరుగా చిన్న ఫైలు చేశాము.

క్యాసెట్‌లో ఉన్నది ప్రభుత్వం పంపిన ప్రకటన కాదు, స్థానికంగా చదివి రికార్డు చేసినది. అయిదేళ్లలోపు పిల్లలు అనడాన్నిబట్టి 1996 తరువాతిదని తేల్చుకున్నాము, ఎందుకంటే 1995 డిసెంబరు 9, 1996 జనవరి 20 తేదీల్లో దేశవ్యాప్తంగా జరిగిన తొలి విడతలు మూడేళ్లలోపు పిల్లలకే పరిమితమయ్యాయి, వయసును అయిదేళ్లకు పెంచినది ఆ మరుసటి ఏడాది. ‘మా వాళ్లే మీ ఇంటికి వస్తారు’ అన్న మాట ఎక్కడా లేకపోవడం, బూత్‌కే రమ్మని పదే పదే చెప్పడం చూస్తే, ఇంటింటి కార్యక్రమం మొదలైన 1999కి ముందుదై ఉండాలి. ఇంతకన్నా కచ్చితంగా తేదీ వేయలేదు. జాబితాలో ‘1996–1999, అంచనా’ అని రాసి, అంచనాకు కారణాలనూ పక్కనే రాశాము.

సెప్టెంబరు

డీటీపీ మిత్రుడి సీడీలలో కరపత్రాల పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు దొరికాయి. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, డాలరు బొమ్మలు తప్ప ఒక్క తెలుగు అక్షరం లేదు. అను ఫాంట్లలో తెలుగు టైపు చేసిన వారందరికీ తెలిసిన వ్యవహారమే ఇది: ఫాంటు లేకపోతే ఆ ఫైలు తెలుగు కాదు. తాళపత్రం మీది గంటం రాతను నేర్చుకుంటే నేడు కూడా చదవగలం, 2001 నాటి కరపత్రాన్ని మాత్రం ఆ కంప్యూటరు లేకుండా చదవలేకపోతున్నామని మేడం గారు అన్నారు, నవ్వుతూనే.

పాత విండోస్ ఉన్న యంత్రాన్ని ఒక స్నేహితుని దుకాణంలో పట్టుకుని, ఆ ఫాంట్లను ఎక్కించి, ప్రతి పేజీని కనిపించిన రూపంలోనే పీడీఎఫ్‌గా తీశాము. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు పక్క అక్షరానికి జరుగుతున్నాయి, ‘క్ష’ విరిగిపోతోంది. ఒక్కొక్క వాక్యాన్ని పీడీఎఫ్‌తో పోల్చి సరిచూస్తున్నాము. మూల ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్ పాఠం మూడింటినీ ఒకే సంచిలో ఉంచి, ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారిపోతే పట్టించే అంకె) లెక్కించి పట్టికలో చేర్చాము. సీడీలలో ఒకదాని మీది వెండి పొర అంచు నుంచి లేస్తోంది. దానిని అన్నిటికన్నా ముందు కాపీ చేశాము.

అక్టోబరు, నవంబరు

పదవీ విరమణ చేసిన ఏఎన్ఎంలను, అంగన్‌వాడీ టీచర్లను, ఆయాలను వారి ఇళ్లలోనే కలుస్తున్నాము. అంగీకార పత్రాన్ని తెలుగులో రాసి, చదివి వినిపించి, మాట్లాడిన తరువాత కూడా ఏ భాగాన్నైనా తొలగించమనే హక్కు వారికి ఉంటుందని చెబుతున్నాము. ఫోను రికార్డరు సరిపోదని తేలింది. సీలింగ్ ఫ్యాను, కుక్కరు విజిలు, వీధిలో కూరల బండి అన్నీ మాటను మింగేస్తున్నాయి. కాలరుకు తగిలించే మైకు కొన్నాము.

ఒక నర్సమ్మ గారు ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశారు. తొలి విడతల గురించి అడిగినప్పుడు చుక్కల సంగతి కాక ఐసు సంగతి ఎత్తుకున్నారు. చుక్కల మందు వేడికి తట్టుకోలేదు. పెద్ద స్టోర్లలో సున్నాకు దిగువన, పీహెచ్‌సీలో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య, ఊళ్లోకి వెళ్లేటప్పుడు నాలుగు ఐస్ ప్యాక్‌ల మధ్య క్యారియర్‌లో ఉండాలి. కరెంటు పోయిన రాత్రి ఐస్ ప్యాక్‌లు గడ్డకట్టకపోతే తెల్లవారుజామున చేపల ఐసు ఫ్యాక్టరీకి మనిషిని పంపేవారట. ‘చేపల వాసన వస్తుందని తల్లులు ముక్కు మూసుకునేవారు నాయనా, మందు పాడయిందేమోనని మాకు వేరే భయం’ అన్నారు. వయల్ మీద ఉష్ణోగ్రత గుర్తు వచ్చాక ఆ భయం తగ్గిందని ఆవిడే చెప్పారు: వలయంలో ఉన్న చతురస్రం తెల్లగా ఉంటే మందు పనికివస్తుంది, వేడి తగిలేకొద్దీ అది నల్లబడి వలయం రంగుతో సమానమైతే పారేయాలి. ఆ గుర్తును బొమ్మ గీసి చూపించమంటే కళ్లద్దాలు పెట్టుకుని, అది నల్లబడే దశలను వరుస గడులుగా గీసి, ‘ఇక్కడిదాకా వాడేదాన్ని’ అని మూడవ గడి కింద గీత పెట్టారు. ఆ కాగితాన్ని ఆవిడ సంతకంతో సహా చేర్చుకున్నాము. నియమావళి ఏమి చెప్పిందో అచ్చులో ఉంది. చూపు ఆనని సాయంత్రం ఒక మనిషి దానిని ఎలా అమలు చేసిందో ఈ ఒక్క కాగితంలోనే ఉంది.

ఇంటర్వ్యూలలో పదే పదే వచ్చిన మాట ఇంకొకటి ఉంది. పోలియో సోకినవారి తల్లులు, ‘జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించాము, తెల్లారేసరికి కాలు పడిపోయింది’ అంటారు. ఆ రోజుల్లో వైద్య సిబ్బంది చాలామంది దీనిని అమాయకత్వంగా కొట్టిపారేశారని సూపర్‌వైజర్ గారే ఒప్పుకున్నారు. కొట్టిపారేయవలసినది కాదు. శరీరంలో అప్పటికే పోలియో వైరస్ ఉన్న బిడ్డకు కండలో ఇంజెక్షన్ పడితే ఆ అవయవానికి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని 1950లో ఇంగ్లండులో ప్రచురితమైన అధ్యయనం చూపింది. సూది వైరస్‌ను తేలేదు. లోపల ఉన్నదానికి దారి చూపింది. తల్లి చెప్పిన వరుస సరైనదే, కారణమే సగం. అందువల్ల మాట రాసేటప్పుడు తల్లి చెప్పింది చెప్పినట్లు ఉంచి, వైద్య వివరణను వేరే గడిలో రాస్తున్నాము. ఒకదానిలో మరొకటి కలిపేస్తే రేపటి పరిశోధకునికి రెండూ దక్కవు.

తరువాతి సంవత్సరాల గురించి మాట్లాడినవారిలో విసుగు బాగా వినిపించింది. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదయింది, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. జబ్బు కనిపించని ఏళ్లలో కూడా చుక్కలు ఎందుకని అడిగిన ప్రతి ఇంటి గడపలోను జవాబు చెప్పినది నెలకు గౌరవ వేతనం తీసుకునే స్త్రీయే. ఒక ఆయా గారు దీని గురించి మాట్లాడి, చివరికి ఆ భాగం తీసేయమన్నారు, తీసేశాము.

డిసెంబరు

నలభై ఏళ్లు దాటిన ఒక టైలరు గారు తన చిన్ననాటి కాలిపర్‌ను, అంటే బలం లేని కాలికి ఊతగా తొడిగే చట్రాన్ని, తెచ్చి ఇచ్చారు. రెండు వైపులా ఉక్కు కడ్డీలు, తొడకు తోలు పట్టీ, మోకాలి దగ్గర కిందికి జారి బిగిసే ఇనుప రింగు, అడుగున నల్ల బూటు. కడ్డీలకు వరుసగా రంధ్రాలున్నాయి. బిడ్డ పొడవు పెరిగినప్పుడల్లా మరను కింది రంధ్రంలోకి మార్చి కాలిపర్‌ను పొడిగించేవారు. మర బిగిసి ఉన్న చోట ఉక్కు మెరుస్తోంది, వాడి వదిలేసిన రంధ్రాల చుట్టూ తుప్పు వలయాలు ఉన్నాయి. చివరి రెండు రంధ్రాలకు మర ఎన్నడూ తగల్లేదు. ఎందుకని అడిగితే, ‘హైస్కూలుకు వచ్చాక సిగ్గేసి మానేశానండీ, చేత్తో తొడ పట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నా’ అన్నారు. సదరం వైకల్య సర్టిఫికెట్‌లో ఆయన కాలికి ఇంత శాతం అని వేసి ఉంది. చేతి మీద మోపిన భారానికి, ఇప్పుడు భుజంలో వచ్చే నొప్పికి అందులో గడి లేదు.

తోలు పొడి రాలుతోంది. నూనె రాయమని కొందరు చెప్పారు గాని రాయలేదు, రాస్తే ధూళి పట్టి తోలు ఇంకా నల్లబడుతుంది. తుప్పును కూడా తోమలేదు. ఏ రంధ్రం ఎంతకాలం వాడారో చెబుతున్నది ఆ తుప్పే. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పడుకోబెట్టాము. వస్తువు ఆయనదే, మా దగ్గర అరువుగా ఉంటుంది; ఎప్పుడు అడిగినా తిరిగి ఇచ్చే షరతును పత్రంలో రాశాము.

జనవరి

మేడం గారి బంధువుల్లో ఒకరు 2016లో హైదరాబాదులో టీకా బృందంలో పని చేశారు. మా పరిధికి బయటిదే అయినా ఈ ఒక్క సేకరణకు మినహాయింపు ఇచ్చాము, ఎందుకంటే అది పోలియో చరిత్రలోని విచిత్రమైన మలుపు. మూడు రకాల వైరస్‌లకు పనిచేసే చుక్కల మందును 2016 ఏప్రిల్ 25న దేశమంతటా ఆపి, రెండు రకాల మందుకు మారారు. రెండవ రకం సహజ వైరస్ 1999లోనే కనుమరుగయింది కనుక, ఆ రకపు బలహీనపరిచిన వైరస్‌ను మందులో ఉంచితే లాభం కన్నా ముప్పే ఎక్కువ. ఆ మార్పు జరిగిన కొద్ది వారాలకే హైదరాబాదు మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండవ రకం వైరస్ బయటపడినట్లు తేలింది. జూన్ 20 నుంచి, ఆరు వారాల వయసు మొదలుకొని మూడేళ్ల లోపు పిల్లలు మూడు లక్షలకు పైగా మందికి, చర్మంలోకి అయిదో వంతు మోతాదు ఇంజెక్షన్ ఇచ్చారు. కేసు ఒక్కటి కూడా లేకుండా, మురుగు కాలువ ఇచ్చిన హెచ్చరిక మీద నడిచిన కార్యక్రమం అది.

ఆ ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. వాట్సాప్ ఫొటోను కుదించడమే కాక, తీసిన తేదీ, సమయం వంటి వివరాలను తీసేస్తుంది. పాత ఫోను డ్రాయరులో ఉందని తెలిసి, చార్జరు సంపాదించి, మూల ఫైళ్లను కేబుల్‌తోనే దించుకున్నాము. ఒక బొమ్మలో ఎండలో బల్ల మీద తెరిచిన రిజిస్టరు, పక్కన పిల్ల చేయి, తెల్లని బొబ్బలా ఉబ్బిన చర్మం కనిపిస్తాయి. చర్మంలోకి సూది సరిగ్గా పడిందనడానికి ఆ ఉబ్బే గుర్తని తీసినవారు చెప్పి, బొమ్మ వివరాల్లో రాయించారు. పిల్ల ముఖం ఫ్రేములో లేదు.

ఫిబ్రవరి

ట్యాలీ షీట్ల వెనుక రాతలను బయటివారికి చూపించవచ్చా అన్న విషయం మీద చాలా చర్చ జరిగింది. వాటిలో ఇంటి పేర్లు, వీధులు, ఎవరు ఎందుకు వద్దన్నారో కూడా ఉంది. పోలియో అనుమానంతో విచారించిన పిల్లల పేర్లున్న కాగితాలు మరీ సున్నితమైనవి: పదిహేనేళ్లలోపు బిడ్డకు హఠాత్తుగా కాలో చేయో మెత్తబడితే, పద్నాలుగు రోజుల్లోగా, ఇరవై నాలుగు గంటల తేడాతో రెండు మల నమూనాలు తీసి పంపిన వివరాలు అవి. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవారు, చాలామంది ఇక్కడే ఉన్నారు. వ్యక్తిగత సమాచారం మీద 2023లో చట్టం వచ్చింది గాని, చట్టం లేకపోయినా మా నిర్ణయం ఇదే అయ్యేది. పేర్లు కొట్టివేసిన ప్రతి గ్రంథాలయంలో ఉంటుంది. మూల కాగితాలు తాళం వేసిన బీరువాలో ఉంటాయి. సంబంధిత వ్యక్తి వచ్చి అడిగితే ఆయన కాగితం ఆయనకు చూపిస్తాము. పేరును కొట్టివేసినా ‘చెరువు గట్టు మీద గుడిసె’ అన్న మాట ఊళ్లోవారికి మనిషిని పట్టిస్తుందని సూపర్‌వైజర్ గారు గుర్తుచేశారు. అటువంటి వాక్యాలను ఊరి పేరు నుంచి విడదీసి, మండలం స్థాయిలోనే చూపిస్తున్నాము.

ఫైళ్ల ప్రతులు మూడు చోట్ల ఉన్నాయి: గ్రంథాలయంలోని హార్డ్ డిస్కులో, మేడం గారి కళాశాలలో, వేరే జిల్లాలోని మిత్రుని ఇంట్లో. తుఫాను వస్తే రెండు చోట్లు ఒకేసారి మునిగే ప్రాంతం మాది.

సబ్‌సెంటర్లలోని పాత సామాను కండెమ్ చేసి (పనికిరాదని తేల్చి) వేలం వేయబోతున్నారని తెలిసింది. వేలానికి ముందే స్టోరు గదులు చూసుకోనివ్వాలని వైద్యాధికారి గారికి అర్జీ ఇచ్చాము. అనుమతి వస్తే, రిఫ్రిజిరేటర్ల ఉష్ణోగ్రతను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసిన లాగ్ పుస్తకాలతో మొదలుపెడతాము. కరెంటు పోయిన రాత్రుల గురించి నర్సమ్మ గారు చెప్పిన తేదీలను వాటితో సరిచూడవలసి ఉంది.